వంటింటికి తెరుచుకోని కిటికీ

మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో మా అమ్మాయి వాళ్ళ వీధి చివర ఇప్పటికీ కొత్త ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి. కట్టుకుంటున్నవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. నేను పదహారేళ్ళు కిటికీల కంపెనీలో పనిచేశానని మా అమ్మాయి ఎవరికో చెప్పింది, వాళ్ళు ఇంకెవరికో చెప్పారు. ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్లు వస్తుంటాయి. "ఆంటీ, బెడ్‌రూమ్‌కి స్లైడింగ్ బెటరా, ఆనింగ్ బెటరా?" అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. పక్కకి జరిగే స్లైడింగ్ కిటికీ ఎంత వెడల్పున్నా సగమే తెరుచుకుంటుంది, గాలి లెక్క వేసుకునేటప్పుడు సగమే వేసుకోండి. పైన బందులుండి కింది అంచు బయటికి లేచే ఆనింగ్ కిటికీని వానలో కూడా తెరిచి ఉంచుకోవచ్చు, కానీ నడిచే దారి పక్కన పెడితే ఎవరి నుదురో పగులుతుంది. పడమటి గోడకి పెద్ద అద్దం పెట్టారా, ఇక్కడ ఎండలు మండే జనవరి సాయంత్రాలు ఆ గదిలో మీరుండలేరు.

ఇవన్నీ చెప్పేముందు ఒక ప్రశ్న అడుగుతాను. "మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఏం వండుతారు?" అవతలివాళ్ళు నవ్వుతారు. "కిటికీకీ కూరకీ ఏంటి ఆంటీ సంబంధం?" అంటారు. ఫోన్లో తేలిగ్గా చెప్పగలిగిన సంబంధం కాదది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

మేము ఆస్ట్రేలియాలో టూవూంబా వచ్చింది 1985 మార్చిలో. మావారికి అక్కడి కాలేజీలో ఉద్యోగం. నేను కాకినాడలో ఎనిమిదేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి, రాజీనామా ఇచ్చి వచ్చాను. 1987 సెప్టెంబరులో అల్యూమినియం కిటికీలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. ముందు షోరూం, వెనక రేకుల షెడ్డు. ఇల్లు కట్టుకునేవాళ్ళు ప్లాను చుట్టుకొని వస్తే వాళ్ళతో కూర్చోవాలి. ఏ గోడకి ఏ రకం కిటికీ నప్పుతుందో మాట్లాడి తేల్చాలి. తర్వాత కట్టుబడి దగ్గరికి వెళ్ళి కొలిచి షెడ్డులోకి ఆర్డరు పంపాలి. అదీ నా పని. టూవూంబా కొండమీది ఊరు. కింద బ్రిస్బేన్ ఉడికిపోతున్న రోజుల్లో కూడా అక్కడ రాత్రి దుప్పటి కావాలి. జూలై, ఆగస్టుల్లో పడమటి గాలి ఎముకల్లోకి దిగుతుంది. కింద బాగున్న కిటికీ ఈ కొండమీద బాగుండదని ప్రతివాళ్ళకీ వివరించాలి. నాకు ఆ పని ఇష్టంగా ఉండేది. కొలతలో నాకు మిల్లీమీటరు తేడా వచ్చేది కాదు, ఆ సంగతి నాకు కొంచెం ఎక్కువగానే తెలుసు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఎవరి పొరపాటు వల్లయినా కిటికీ మళ్ళీ చేయాల్సి వస్తే, పనికిరాకుండా పోయిన దాన్ని టీ గది గోడకి ఆనించి, అద్దం మీద ఆ మనిషి పేరు సుద్దతో రాసేవాళ్ళు. ఆ మనిషి మర్నాడు అందరికీ కేక్ తేవాలి. పొద్దున టీ విరామాన్ని అక్కడ స్మోకో అంటారు. నేను చేరిన రెండున్నరేళ్ళలో అందరి కేకులూ తిన్నాను, నేను ఒక్కటీ తేలేదు. కిటికీలు బిగించే పెద్దాయన ఒకడుండేవాడు. "నీ కేక్ తినకుండానే రిటైరైపోయేలా ఉన్నాను లవ్" అని ప్రతి శుక్రవారం అనేవాడు. ఆయన ఆడవాళ్ళందరినీ లవ్ అనే పిలిచేవాడు, బ్యాంకు మేనేజరుతో సహా.

అసలు సంగతికి ముందు ఇంకొకటి చెప్పాలి. 1986లో మేము ఒక జంట వాటాల ఇంట్లో అద్దెకున్నాం. ఒకరోజు చారు తాలింపు వేస్తుంటే గ్యాస్ కంపెనీ మనిషి తలుపు తట్టాడు. గ్యాస్ లీకవుతోందని పక్కవాటా ఆవిడ ఫోన్ చేసిందట. అతను పైపు చూశాడు, పొయ్యి వెనక వంగి వాసన చూశాడు, చివరికి గట్టు మీది ఇంగువ డబ్బా దగ్గర ఆగాడు. మూత తీసి, ఒక అడుగు వెనక్కి వేసి, "ఇది మీరు తింటారా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదకే నాకు చెవులు కాలాయి. అప్పటినుంచి ఇంగువ డబ్బాని ఇంకో డబ్బాలో, దాన్ని మరో డబ్బాలో పెట్టాను. కిటికీలన్నీ మూసి తాలింపు వేయడం నేర్చుకున్నాను. కిటికీలు అమ్మే పనిలో చేరాక కూడా అలాగే వేసేదాన్ని.

1990 జనవరిలో ఒక తెలుగు కుటుంబం ఇల్లు మొదలుపెట్టింది. ఆమె ఆస్పత్రిలో నర్సు, తెనాలి అమ్మాయి. అతను రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. తొమ్మిదేళ్ళ కూతురు. అతని తల్లి రెండేళ్ళ కిందట బాపట్ల వైపు నుంచి వచ్చి వాళ్ళ దగ్గరే ఉంటోంది. క్రైస్తవులు, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు. నర్సుకి వారంలో నాలుగు రాత్రులు డ్యూటీ. ఆ పిల్లని స్కూలుకి పంపడం, వంట, ఇల్లు, అన్నీ ఆ పెద్దావిడ చేతిమీదే నడిచేవి. ఊళ్ళో కిటికీల దగ్గర తెలుగామె ఉందని విని, నర్సు నాకు ఫోన్ చేసి, "అక్కా, మీరైతే మాకు అర్థమయ్యేలా చెబుతారు" అంది.

ప్లాను చూడటానికి ఒక శనివారం వాళ్ళ అద్దె ఇంటికి వెళ్ళాను. భోజనానికి ఉండమన్నారు. "శనివారం ఉపవాసమండీ" అన్నాను. పొద్దున నాలుగు ఇడ్లీలు తిని వెళ్ళిన మనిషిని. అద్దం నమూనాలు చూపించడానికి తర్వాతి గురువారం మళ్ళీ వెళ్ళాను. పెద్దావిడ వేడివేడి గారెలు తెచ్చి ముందు పెట్టింది.

"ఇవాళ కూడా ఉపవాసమేనండీ" అన్నాను.

"వారానికి రెండా తల్లీ? చిక్కిపోతావు. పోనీ కాసిని మంచినీళ్ళు."

"ఇప్పుడే తాగి వచ్చానండీ."

నర్సు ప్లాను మడత పెడుతోంది. తల ఎత్తలేదు.

మా ఇంట్లో చేప, మాంసం వండరు. అంతవరకైతే అది తిండి అలవాటు. కానీ ఎవరింట్లో ఏం తినవచ్చో, ఎవరింట్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకోకూడదో ఊహ తెలిసేలోపే నేర్పిన ఇల్లు మాది. సిడ్నీ విమానాశ్రయంలో నా ఊరగాయ సీసాలు రెండూ లాక్కున్నారు గాని, ఈ పాఠాన్ని ఎవరూ పట్టుకోలేదు. అది నాతోపాటు దర్జాగా దిగింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం అత్తాకోడళ్ళు షోరూంకి వచ్చారు. పెద్దావిడ ప్రతి కిటికీ తెరిచి చూసింది. లూవర్ కిటికీ దగ్గర ఆగిపోయింది. అడ్డంగా వరసగా అద్దపు రెక్కలుంటాయి, పక్కనున్న చిన్న మీట కిందికి లాగితే అన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. ఆమె మీట లాగి, మూసి, మళ్ళీ లాగింది.

"చేప మొప్పల్లా ఉన్నాయే. వంటింటికి ఇది పెట్టు తల్లీ. ఇట్టా తెరిస్తే పొగ ఒక్క నిమిషం నిలవదు."

"ఈ ఊరి చలికి ఇవి పనికిరావండీ. మూసినా సందుల్లోంచి గాలి వస్తుంది" అన్నాను. అది నిజమే.

"పోనీ సగమన్నా తెరుచుకునేది పెట్టు. మెత్తళ్ళు వేయిస్తే ఇల్లంతా పట్టేసిద్ది. నాకసలే ఉబ్బసం."

అప్పుడు అన్నాను. "నీచు వాసన కదండీ, పక్కింటివాళ్ళు ఊరుకోరు. ఆ పక్కావిడది ఊళ్ళో పేరున్న తోట. సెప్టెంబరులో పూల పోటీలకి జడ్జీలు వస్తారు. మీ వంటింటి కిటికీ సరిగ్గా ఆ గులాబీల మీదికే తెరుచుకుంటుంది. తెరుచుకోని అద్దం ఒకటే పెద్దది పెట్టుకోండి. తోటంతా పటం కట్టినట్టు కనిపిస్తుంది. పొగకి పొయ్యి మీద రేంజ్‌హుడ్ ఉంటుంది కదా."

నర్సు చిన్నగా నవ్వింది. "మా ఇళ్ళల్లో దాన్ని కూర అంటామక్కా."

నేను మాట మార్చి అద్దం మందం గురించి చెప్పాను. ఆమె కాసేపు విని, "సరే, మాకంటే మీరు ముందొచ్చారు. ఇక్కడివాళ్ళ సంగతులు మీకు తెలుసు. మీరెట్లా అంటే అట్లాగే" అంది.

పెద్దావిడ లూవర్ మీట పైకి తోసి రెక్కలు మూసేసింది. "పటం కట్టినట్టు ఉంటదా. సరే తల్లీ."

1810 మిల్లీమీటర్ల వెడల్పు, 1030 ఎత్తు. ఆ కొలత ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ వంటింటికి వేరే కిటికీ లేదు. పక్కనున్న భోజనాల గదికి జరిగే తలుపు ఉంది కాబట్టి రూలు ప్రకారం చెల్లుతుంది. ఆ తలుపు పడమటి వైపుందనీ, చలికాలంలో దాన్ని తెరిస్తే గాలి లోపలికే కొట్టి పొగని పడకగదుల్లోకి తోస్తుందనీ నాకు తెలియదా? తెలుసు. ఇంకొకళ్ళకైతే నేనే చెప్పేదాన్ని. రేంజ్‌హుడ్లలో రెండు రకాలున్నాయి. ఒకటి గొట్టంతో పొగని బయటికి పంపేది, రెండోది వడపోసి మళ్ళీ గదిలోకే వదిలేది. మిగతా ప్రతి ఇంటివాళ్ళనీ ఏది పెడుతున్నారని అడిగాను. వీళ్ళని అడగలేదు.

మే నెలలో వాళ్ళు ఇల్లు చేరారు. కొత్తింట్లో ప్రార్థనకి పిలిచారు. ఆ రోజు నాకు తలనొప్పి వచ్చింది.

జూలై రెండో వారంలో ఆ తోటావిడ మా షోరూంకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ మీద మట్టి మరకలతోనే వచ్చింది. ఆవిడ కిటికీ తిప్పే పిడి విరిగింది. కొత్తది వెతికి ఇస్తుంటే, "మా పక్కింటి కిటికీలు నువ్వే చేశావట కదా" అంది.

"అవునండీ."

"ఆ వంటింట్లో ఏం పాడైంది? ఆ ముసలావిడ చలిలో కార్‌పోర్ట్‌లో కూర్చుని వండుతోంది రోజూ. ఇవాళ గడ్డి మీద మంచు పేరుకుంది, అయినా అక్కడే ఉంది. ఊపిరితిత్తులు పోతాయి."

నేను నెమ్మదిగా, "వాళ్ళ వంట వాసన మీకు ఇబ్బందిగా ఉంటుందేమో" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "వాసనా? గులాబీలకి నేను వారం వారం పోసేదేంటో తెలుసా? చేపల ఎరువు. కుళ్ళిన చేపల రసం, డియర్. నా తోట పక్కన ఇల్లు కట్టుకున్నందుకు వాళ్ళే నన్ను తిట్టుకోవాలి."

పిడి తీసుకుని వెళ్ళిపోయింది. పని అవగానే కారు తీసి వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు తీసింది చిన్నది. "నానమ్మ ఈజ్ ఇన్ ద కార్‌పోర్ట్. మమ్ సేస్ నో ఫ్రైయింగ్ ఇన్‌సైడ్" అని మళ్ళీ టీవీ ముందుకి పోయింది.

కారు నిలిపే రేకుల కింద, ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది పెద్దావిడ. కొడుకు రైల్వే కోటు వేసుకుని, తలకి మఫ్లర్ చుట్టుకుంది. ముందు గ్యాసు బండకి తగిలించిన ఒంటి పొయ్యి. గాలికి మంట ఆరిపోకుండా చుట్టూ అట్టలు నిలబెట్టింది. అవి మా కంపెనీ కిటికీలు వచ్చిన అట్టపెట్టెలు. వాటి మీద నా చేతిరాత ఉంది, ఏ గదికి ఏదో.

"రా తల్లీ. ఇవాళ ఏ వారం? ఉపవాసమా?"

ఆమె మూకుడులో చేపలు తిరగేసి, దగ్గొచ్చి, ఆగి, మళ్ళీ తిరగేసింది.

"ఇక్కడెందుకండీ వండుతున్నారు?"

"లోపల ఊపిరాడదు. ఆ పొయ్యి మీది డబ్బా గొర్రుగొర్రుమని అరిచిద్దిగాని, పీల్చిన పొగంతా మళ్ళా నా మొహం మీదికే వదులుద్ది. పోయిన నెల మిరపకాయలు వేయించాను. అంతే, ఊపిరి పట్టేసింది. మూడు రాత్రులు ఆస్పత్రిలో ఉన్నా. మా కోడలి వార్డులోనే." ఆ చివరి మాట కొంచెం గర్వంగా చెప్పింది.

ఇంతలో నర్సు కారు వచ్చి ఆగింది. ఆ రోజు పగటి డ్యూటీ కాబోలు, యూనిఫాంలోనే దిగి, నన్ను చూసి, "మీరా అక్కా" అంది. సంచి కింద పెట్టింది. "సెప్టెంబరుకి అత్తయ్యకి టికెట్ చేశాం. వెళ్ళిపోతానంటున్నారు. ఉండమని నేనెట్లా అంటాను, ఇట్లా బయట కూర్చోబెట్టి? నేనింక నైట్స్ మానెయ్యాలి. పాపని చూసేవాళ్ళు ఉండరు కదా."

"పక్కావిడ ఏమీ అనుకోవడం లేదట" అన్నాను. ఏం అనాలో తెలియక అన్న మాట.

పెద్దావిడ నవ్వింది. "ఆమెకేం. మొన్న గోడ మీంచి చెయ్యి చాపి రెండు మెత్తళ్ళు తిన్నది. సాల్టీ అన్నది. ఇంకో రెండు అడిగింది."

"మీరు నాకు ముందే ఫోన్ చేయాల్సింది" అన్నాను నర్సుతో. ఆ మాటలో తప్పు వాళ్ళ మీదికి తోసే నైపుణ్యం ఉంది, ఇప్పుడు వింటే తెలుస్తుంది.

ఆమె కోపంగా ఏమీ అనలేదు. పగలంతా రోగులతో మాట్లాడే గొంతుతోనే అంది. "అనుకున్నానక్కా. ఫోన్ దాకా వెళ్ళాను కూడా. మా ఇంట్లో మంచినీళ్ళు తాగని మనిషికి మా ఇంట్లో పొగ గురించి ఏం చెబుతాం?"

పొయ్యి మీద నూనె చిటచిటలాడుతోంది. నాకు చాలా జవాబులు తయారుగా ఉన్నాయి. కడుపులో పుండు అని చెప్పవచ్చు. డాక్టరు వద్దన్నాడని చెప్పవచ్చు. నిజంగానే శనివారాలు ఉపవాసం ఉంటానని, గురువారం పొరపాటున అన్నానని చెప్పవచ్చు. ఆ ఇద్దరూ వింటారు కూడా, మర్యాదగా. ఆ మర్యాద తలుచుకుని అవన్నీ వదిలేశాను.

"కిటికీ మార్చేస్తాను" అన్నాను.

"మారిస్తే పొగ పోద్దా?" అంది పెద్దావిడ.

"పోతుందండీ. లూవర్లు పెడతాను. మొప్పలు."

"అయితే చూద్దాంలే" అని చేపలు పళ్ళెంలోకి తీసింది. ఈసారి నీకు పెట్టమంటావా అని అడగలేదు.

తిరిగి వెళ్తూ లెక్క వేసుకోబోయాను. నాకు అదొక జబ్బు. గ్యాస్ కంపెనీ మనిషి ముందు నేను పడ్డ అవమానం వీళ్ళు పడకూడదన్న జాలి ఆ అద్దంలో ఎంత పాలు, నా పుట్టింటి పాఠం ఎంత పాలు? జాలి పాలు కాస్త ఎక్కువని తేలితే బాగుండునని చాలాసార్లు వేసి చూశాను. షోరూంలో ఆ రోజు చేప లేదు, పొగ లేదు. ఉన్నదల్లా అద్దం, అల్యూమినియం. అయినా నీచు అన్న మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. లెక్క అక్కడే ఆగిపోయేది.

మర్నాడు పొద్దున యజమాని గదిలోకి వెళ్ళాను. అరవై దాటిన మనిషి, మాట తక్కువ.

"ఆ నర్సు ఇంటి వంటగది కిటికీ మళ్ళీ చేయాలి" అన్నాను. "కొలత తప్పింది."

"నీదా? కొలత?" కళ్ళజోడు తీశాడు. "సరైనదెంత?"

"పద్దెనిమిది వందల పది, వెయ్యి ముప్పై."

"మరి మనం చేసిందెంత?"

జీవితంలో ఒక్క కొలత గురించి అబద్ధం చెబుదామనుకున్నాను, అదీ కుదర్లేదు. "అంతే" అన్నాను.

నిజం చెబుదామని నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలి? మా ఊళ్ళో మంచినీళ్ళ గ్లాసు దగ్గర మొదలుపెట్టాలా? ఆయనకి అర్థమయ్యేలా చెప్పగలనా, చెబితే ఆయన కళ్ళలో మా దేశం ఏమవుతుంది? ఇన్ని ఆలోచించాను. నేను చిన్నబోతానన్న ఆలోచనకి దేశం పేరు పెట్టుకున్నాను.

"అయితే నువ్వు కాస్త పెద్ద కేకే తేవాలి" అని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

తెచ్చాను. రెండంతస్తుల క్రీమ్ కేక్. పాత అద్దం ఊడదీసి తెచ్చాక టీ గది గోడకి ఆనించి, దాని మీద నా పేరు రాశారు. బిగించే పెద్దాయన లేచి నిలబడి, "లేడీస్ అండ్ జెంటిల్మెన్, ఆవిడ కూడా మనిషే" అని ప్రకటించాడు. అందరూ బల్లలు చరిచారు. నేనూ నవ్వాను. చేయని తప్పుకి కేక్ పంచి, చేసిన తప్పుని ఇంటికి తీసుకెళ్ళాను. ఆ గదిలో ఎవరికీ ఆ అద్దం అసలెందుకు అక్కడికి వచ్చిందో తెలియదు, తెలిస్తే సుద్దతో ఏమని రాసేవాళ్ళో నాకూ తెలియదు.

కొత్త కిటికీ బిగించిన రోజు నేను కూడా వెళ్ళాను. ఆగస్టు మొదటి వారం, గాలి ఇంకా తగ్గలేదు. మీట బిగించగానే పెద్దావిడ వచ్చి తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. పొయ్యి వెలిగించి, మూకుట్లో నాలుగు ఎండుమిరపకాయలు వేసింది. మేమందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. పొగ లేచింది, రెక్కల దగ్గరికి వెళ్ళింది, తోట మీదికి పోయింది. ఆమె రెండుసార్లు గట్టిగా గాలి పీల్చి చూసుకుంది. దగ్గు రాలేదు.

"చలి వేసిద్దేమో" అంది నర్సు.

"వెయ్యనీ. కోటుంది కదా" అంది పెద్దావిడ. ఆ టికెట్ రద్దు చేసుకున్నారని తర్వాతి వారం తెలిసింది.

బిగించే పెద్దాయన సామాను సర్దుకుని వెళ్ళిపోయాక, నేనూ లేవబోతుంటే పెద్దావిడ, "కూర్చో తల్లీ. ఇవాళ మంగళవారం. ఉపవాసం కాదనుకుంటా" అంది. అంటూనే గూట్లోంచి ఒక స్టీలు గిన్నె తీసింది. తళతళలాడుతోంది. దాని మీది కాగితం చీటీ గోకిన మరక ఇంకా ఉంది.

"నీకోసమే కొనుక్కొచ్చాడు మావాడు. ఇందులో పప్పు తప్ప ఏదీ వండలేదు. గరిటె కూడా కొత్తదే. ఏ అనుమానం పెట్టుకోకుండా తిను."

ఎత్తిపొడుపు కాదది. ఎత్తిపొడుపైతే బాగుండేది. ఎంతో ఆలోచించి, ఎవరికీ ఇబ్బంది లేకుండా చేసిన ఏర్పాటు. ఆమె వయసులో, ఆమె పుట్టిన చోట, మాలాంటివాళ్ళకి ఎలా పెట్టాలో ఆమెకి ఎవరో నేర్పి ఉంటారు, నాకు నేర్పినట్టే.

టమాటా పప్పు. బాగుంది. మంచినీళ్ళు కూడా తాగాను.

"ఇదంతా ఎందుకండీ, మీరు తినే గిన్నెలోదే నాకూ పెట్టండి" అని నేను అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ గిన్నె కొత్తదని వినగానే నా భుజాలు ఎంతో కొంత వదులయ్యాయి. అది నాకు తెలిసింది. ఎదురుగా కూర్చున్న నర్సుకి కూడా తెలిసిందేమో, ఆమె కిటికీ వైపు చూస్తోంది.

తర్వాత రెండున్నరేళ్ళలో వాళ్ళింట్లో ఇంకో ఐదుసార్లు తిన్నాను. ప్రతిసారీ గూట్లోంచి ఆ గిన్నే దిగేది. ఐదుసార్లూ నేనేమీ అనలేదు.

1993 జనవరిలో నర్సుకి బ్రిస్బేన్‌లో పెద్ద ఉద్యోగం వచ్చింది. సన్నీబ్యాంక్‌లో ఇల్లు తీసుకున్నారు. సామాను కట్టే రోజు చూసిరావడానికి వెళ్ళాను. లారీ వాకిట్లో ఉంది. పెద్దావిడ వంటింట్లో పీట మీద కూర్చుని, కిటికీ రెక్కలు ఒక్కొక్కటే తుడుస్తోంది, కొనుక్కున్నవాళ్ళకి శుభ్రంగా అప్పజెప్పాలని. పన్నెండేళ్ళ పిల్ల నాకు బై చెప్పింది. నేను కారెక్కుతుంటే నర్సు వెనకనుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం.

"మీ గిన్నె అక్కా. మర్చిపోతారని అత్తయ్య చెప్పారు."

అది నాది కాదని అనబోయాను. ఆమె అప్పటికే నవ్వుతూ చెయ్యి ఊపి, లారీ దగ్గరికి వెళ్ళిపోతోంది. ఎవరి వస్తువు వాళ్ళకి ఇచ్చేసిన మనిషి నడిచే తేలిక నడక.

ఇంటికొచ్చి పొట్లం విప్పాను. అడుగున ఎక్కడా మాడిన మచ్చ లేదు. ఆరుసార్లు పొయ్యెక్కిన గిన్నె, కొన్నరోజులాగే ఉంది.